ఎదురుచూపుల ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది?

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో సమ్మర్ ఇంటర్న్‌షిప్ చేసొచ్చానని తెలిసినప్పటి నుంచి తిరుపతిలో ఎవరు కనిపించినా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. ఎంత ఇచ్చారు? రోజుకు ఎన్ని గంటలు పని? మొదటిదానికి జవాబు విని ఆశ్చర్యపోతారు, అది సహజమే. రెండోదానికి, "పొద్దున పదింటికి వెళ్తే రాత్రి ఒంటిగంట, రెండు అయ్యేది" అని చెప్పగానే వాళ్ల ముఖంలోకి ఒక మర్యాద వస్తుంది. "అబ్బా, ఎంత కష్టపడినావు తల్లీ" అంటారు. పక్కన పిల్లలుంటే, "అక్కను చూసి నేర్చుకో" అని వాళ్లకు ఓ మాట వేస్తారు.

ఆ మర్యాద నాకు వద్దు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. ఆ గంటల్లో ఎక్కువ భాగం నేను ఎదురుచూస్తూ గడిపాను. ఎవరో ఫోన్ కాల్ ముగించుకుని వస్తారని, ఎవరో విమానం దిగుతారని, ఎవరో మెయిల్ తెరిచి చూస్తారని. దాన్ని కష్టం అని, ఆ కష్టాన్ని గొప్పతనం అని చెప్పుకుంటూ మన ఊరి పిల్లల్ని అటు తోలడం నాకు తప్పుగా అనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వివరంగానే చెప్పాలి.

ముందు ఈ బ్యాంకు సంగతి. మా పెద్దనాయనకు నేను ఎన్నిసార్లు చెప్పినా బ్యాంకు అంటే పాస్‌బుక్కు, బంగారం లోను, క్యాష్ కౌంటరే. నేను చేరిన చోట అవేవీ ఉండవు. ఒక కంపెనీకి పెద్ద మొత్తంలో డబ్బు కావాలన్నా, ఇంకో కంపెనీని కొనాలన్నా, తనను తాను అమ్ముకోవాలన్నా మధ్యలో నిలబడి ఆ వ్యవహారం నడిపేవాళ్లు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్లు. ఐపీఓ వస్తోందని, అంటే ఓ కంపెనీ తన షేర్లను మొదటిసారి జనానికి అమ్ముతోందని పేపర్లో చదువుతుంటాం కదా, షేరు ధర ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పెట్టాలి, కొనేవాళ్లకు కంపెనీ వివరాలు చెప్పే ప్రాస్పెక్టస్‌లో ఏం రాయాలి, ఏ ఫండ్లను కలవాలి అన్నవి కంపెనీతో కూర్చుని తేల్చేది వీళ్లే. మన దేశంలో ఆ పని చేయాలంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర మర్చంట్ బ్యాంకర్‌గా నమోదు కావాలి. దానికి 1992 నుంచి నిబంధనలున్నాయి. మన వైపు ఉదాహరణే తీసుకుంటే, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న కుటుంబం అందులో సగం వాటా అమ్మాలనుకుందనుకోండి. ఫ్యాక్టరీ విలువెంత, కొనే స్తోమత ఎవరికుంది, వాళ్లకు ఏ లెక్కలు చూపించాలి, బేరం ఎక్కడ మొదలుపెట్టాలి, ఇదంతా బ్యాంకరు పని. బేరం కుదిరితే అందులో ఇంత శాతమని ఫీజు. కుదరకపోతే చేతికి వచ్చేది చాలా తక్కువ.

ఈ ఫీజు పద్ధతిని గుర్తుపెట్టుకోవాలి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. బేరం మొదలు కావాలంటే ముందు ఆ కంపెనీ ఈ బ్యాంకునే ఎంచుకోవాలి. ఎంచుకోవాలంటే వీళ్లు వెళ్లి, "మీ రంగం మాకు ఇంత బాగా తెలుసు, మీ కంపెనీకి ఇంత విలువ రాబట్టగలం" అని చూపించాలి. ఆ చూపించే పుస్తకాన్ని పిచ్‌బుక్ అంటారు. నలభై, యాభై, ఒక్కోసారి వంద స్లైడ్లు. దీనికి కంపెనీ పైసా ఇవ్వదు. ఒకే కంపెనీ దగ్గరికి నాలుగైదు బ్యాంకులు ఇలాంటి పుస్తకాలతోనే వెళ్తాయి, పని దక్కేది ఏ ఒకరిద్దరికో. కాబట్టి పక్క బ్యాంకు కంటే మన పుస్తకం ఒక పేజీ ఎక్కువ ఉండాలి, ఒక పట్టిక ఎక్కువ ఉండాలి అనే ఆరాటం పైనుంచి మొదలవుతుంది. ఆ పేజీలు తయారుచేసేది కింద ఉన్న అనలిస్టులు, వాళ్ల పక్కన మాలాంటి ఇంటర్న్‌లు.

నేను ఎంబీఏ మొదటి ఏడాది పూర్తిచేసి 2025 ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో ఈ ఇంటర్న్‌షిప్ చేశాను. బ్యాంకు పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ఈ పద్ధతి ఏ ఒక్క బ్యాంకుదీ కాదు. మా టీముకు మన దేశపు డీల్స్ కొన్ని ఉండేవి, న్యూయార్క్, లండన్ టీములతో కలిసి చేసేవి ఎక్కువ. ఎండాకాలంలో న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. వాళ్లు పొద్దున తొమ్మిదికి ఆఫీసులో కూర్చునేసరికి మనకు సాయంత్రం ఆరున్నర. అంటే మనం ఇంటికి బయలుదేరే వేళకు వాళ్ల రోజు మొదలవుతుంది. పని రాత్రికి జరగడానికి ఇది నిజమైన కారణమే, నేను కాదనను. మరి రాత్రి రెండింటిదాకా ఉన్నవాళ్లు పొద్దున పదింటికి మళ్లీ ఎందుకు సీట్లో ఉండాలి? ఇది అడిగితే ఎవరి దగ్గరా సూటిగా జవాబు లేదు. మన దేశంలోని క్లయింటు పగలు ఫోన్ చేయొచ్చు, పెద్దవాళ్లు పగలు ఉంటారు, సీటు ఖాళీగా కనిపిస్తే బాగుండదు. ఇవే చెప్పారు.

ఒక రాత్రి సంగతి దగ్గరగా చూపిస్తాను. ఒకే రంగంలోని కంపెనీలను పక్కపక్కన పెట్టి పోల్చే పేజీ ఒకటి నాకు అప్పగించారు. ఎడమవైపు కంపెనీల లోగోలు, పక్కన వాటి మార్కెట్ విలువ, అప్పు, ఆ పక్కన వడ్డీ, పన్ను, తరుగుదల ఇవేవీ తీయకముందు ఉన్న లాభం, ఆ లాభానికి కంపెనీ మొత్తం విలువ ఎన్ని రెట్లు అన్న అంకె. అడుగున ఏ తేదీ ధరలు తీసుకున్నామో చెప్పే ఫుట్‌నోట్. సాయంత్రం ఆరు లోపే పూర్తి చేసి పంపాను. దాన్ని చూడాల్సిన వైస్ ప్రెసిడెంట్ ఆ రోజు ముంబైలో మీటింగుల్లో ఉన్నారు. ఏడు అయింది. ఎనిమిది దాటితే రాత్రి భోజనం ఆఫీసు ఖర్చు కాబట్టి అందరం ఆర్డర్ పెట్టుకుని తిన్నాం. తొమ్మిదికి అమ్మ ఫోన్ చేసింది. "పాపా, ఇంకా ఆఫీసులోనే ఉండావా? ఏం పని చేస్తా ఉండావు ఇంతసేపు?" అంది. "ఒకాయన చూసి చెప్పాలమ్మా, ఆయన కోసం చూస్తున్నా" అన్నాను. "ఆయన రేపు చూసుకోకూడదా?" అంది. పదిన్నరకు మళ్లీ చేసింది. క్యాబ్ డ్రైవర్ వివరాలు ముందే పంపమంది.

కామెంట్లు వచ్చేసరికి పదకొండు దాటి చాలాసేపైంది. ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో దిద్ది, ఫోన్‌లో ఫొటో తీసి పంపారు. మూడో లోగో మిగతావాటికంటే కొంచెం కిందికి ఉంది, సరిచేయండి. సగటుతో పాటు మధ్యస్థం కూడా వేయండి. రెట్ల అంకెల్లో దశాంశం తర్వాత ఒకే అంకె ఉండాలి. బార్ల రంగు బ్యాంకు టెంప్లేట్ ప్రకారం లేదు. ఇంకో రెండు కంపెనీలు చేర్చి చూడండి. చివరిది ఒక్కటే ఆలోచించి చేయాల్సిన పని, మిగతావి ఇరవై నిమిషాల సర్దుబాట్లు. ఆ రెండు కంపెనీల వార్షిక నివేదికలు తెరిచి, మామూలుగా వచ్చే లాభమెంత, ఆ ఒక్క ఏడాదే వచ్చిందెంత అని విడదీసి, పక్కనున్న అనలిస్ట్‌తో ఒకసారి సరిచూపించుకుని పంపేసరికి ఒకటిన్నర. "థాంక్స్, పొద్దున చూస్తాను" అని జవాబు వచ్చింది. పొద్దున ఆ పేజీని పుస్తకంలోంచి తీసేశారు, క్లయింటు వేరే సంగతి మాట్లాడాలన్నారట. పేజీ పోయినందుకు నాకేం బాధ లేదు, ఏ పనిలోనైనా కొంత వృథా ఉంటుంది. ఆరు నుంచి పదకొండు దాకా ఆ ఫ్లోర్‌లో కూర్చున్న అందరి సాయంత్రం ఎవరి లెక్కలోకీ రాకపోవడమే నన్ను పట్టుకుంది. పక్క సీటు అనలిస్ట్ నా ముఖం చూసి, "అలవాటైపోతుంది" అన్నాడు. మంచివాడు. తనకు ఎలా అలవాటైందో అలాగే చెప్పాడు.

ఇదంతా విని ఆ పనే పనికిమాలినదని అనుకోవద్దు. పని చాలా బాగుంటుంది. అందుకే ఈ పద్ధతి మీద నాకు ఇంత కోపం.

ఆ రెండు నెలల్లో నేను బాగా నేర్చుకున్నది ఒక మధ్యాహ్నం. పండ్లు ముడిసరుకుగా వాడే ఒక కంపెనీ విలువ కట్టే ఎక్సెల్ మోడల్ మా టీము చేస్తోంది. పేరు, ఊరు చెప్పడానికి లేదు. ముడిసరుకు ఖర్చు ఉన్న వరుసలో ఏటా ఇంత శాతం పెరుగుతుందని ఒకే అంకె పెట్టి ఐదేళ్లకూ లాగేశారు. మాకు దామలచెరువు వైపు తోతాపురి తోట ఉంది. మామిడి ధర అలా నిచ్చెన మెట్లెక్కినట్టు ఏటా పెరగడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. కాపు ఎక్కువైతే పడుతుంది, ఫ్యాక్టరీల దగ్గర పోయినేటి గుజ్జు నిల్వ ఉంటే ఇంకా పడుతుంది, కాపు తక్కువైన ఏడు ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ మాట అనలిస్టులకు పై మెట్టులో ఉండే మా అసోసియేట్‌తో చెప్పాను. ఆమె ల్యాప్‌టాప్ పక్కకు జరిపి, "ఇంకా చెప్పు" అంది.

ఇంకా ఉంది. తోతాపురి కాయ ఫ్యాక్టరీకి వచ్చేది దాదాపుగా జూన్, జూలైల్లోనే. సుమారు రెండు టన్నుల కాయకు ఒక టన్ను గుజ్జు. ఆ రెండు నెలల్లో కొన్నది ఏడాది పొడుగునా అమ్ముతారు. అంటే ఆగస్టులో ఫ్యాక్టరీ గోదాము నిండుగా ఉంటుంది, బ్యాంకు అప్పు తారస్థాయిలో ఉంటుంది. బ్యాలెన్స్ షీటు మాత్రం మార్చి 31 నాటిది. అప్పటికి సరుకు చాలావరకు అమ్ముడుపోయి అప్పు తగ్గి ఉంటుంది. మార్చి అంకెలు మాత్రమే చూసి, ఈ కంపెనీకి నిర్వహణకు ఇంత డబ్బు చాలు అని లెక్కేస్తే ఆగస్టు కనిపించదు. ఆ వడ్డీ కనిపించదు. రైతుకు డబ్బు ఎన్నాళ్లు ఆపితే ఆ అప్పు ఎంత తగ్గుతుందో కూడా కనిపించదు, అది మాకు ఇంట్లో బాగా తెలిసిన సంగతి. ఆమె ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, ముడిసరుకు ధరకు మూడు దారులు పెట్టి, నెలవారీగా నిర్వహణ అప్పు లెక్క కట్టడం నేర్పింది. ఒక వరుస మారితే మొత్తం ఎలా కదులుతుందో చూపించింది.

అప్పుడే ఇంకోటి చూపించింది. ఐదేళ్ల తర్వాత కంపెనీకి ఏటా 100 కోట్లు చేతిలో మిగులుతాయనుకుందాం. రేపు వచ్చే డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించి చూసే డిస్కౌంట్ రేటు 12 శాతం. అక్కడి నుంచి ఏటా 4 శాతం పెరుగుతూ పోతుందంటే ఆనాటి విలువ 1,300 కోట్లు. 5 శాతం అంటే 1,500 కోట్లు. ఒక్క శాతం ఊహకు 200 కోట్ల తేడా. కంపెనీ విలువలో సగానికి మించిన భాగం చాలాసార్లు ఈ ఒక్క ఊహలోంచే వస్తుంది. "నువ్వు లోగో ఎంత చక్కగా పెట్టినా క్లయింటు అడిగేది ఈ అంకె గురించే" అంది ఆమె. నిజానికి అదే ఉద్యోగం. ఆ మధ్యాహ్నం లాంటివి ఇంకో పది ఉండి ఉంటే, రాత్రి ఎన్నింటిదాకా కూర్చోమన్నా కూర్చునేదాన్నేమో. లేవు. నేర్పే తీరిక ఎవరికీ లేదు, ఎందుకంటే నేర్పగలిగినవాళ్లు కూడా తమ పైవాళ్ల కోసం ఎదురుచూస్తూ అలసిపోయి ఉన్నారు.

ఇంటర్న్‌షిప్ అయిపోయి జూన్‌లో ఇంటికొచ్చాను. ఆ జూన్ మా జిల్లాల్లో తోతాపురి రైతులందరికీ గుర్తుంటుంది. కాపు విరగగాసింది, ఫ్యాక్టరీల్లో ముందు ఏటి గుజ్జు అమ్ముడుపోక అలాగే ఉంది, ధర కుప్పకూలింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలి, పైన ప్రభుత్వం 4 రూపాయలిస్తుంది, మొత్తం 12 అని ప్రకటించారు. ధర సంగతి అలా ఉంచితే, కాయ దించుకోవడమే కష్టమైంది. ఫ్యాక్టరీల ముందు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు. నాయన టోకెన్ పట్టుకుని ఆ వరుసలో ఉన్నాడు, నేను అన్నం క్యారియర్ తీసుకుని వెళ్లాను. ట్రాక్టర్ బాడుగ రోజుకింత అని నడుస్తూనే ఉంది. ట్రాలీలో అడుగున ఉన్న కాయ పైబరువుకు నలిగి పండిపోతోంది, గేటు దగ్గరికి వెళ్లేసరికి దాన్ని తీసేస్తారు, ఆ తూకం పోతుంది. గేటు లోపల ఉన్నవాళ్లకు తొందరేమీ లేదు. ఒక ట్రాక్టర్ గంటలో దిగినా రెండు రోజులకు దిగినా వాళ్లకు ఖర్చు ఒకటే.

ఆ రోడ్డు మీద నిలబడినప్పుడు బెంగళూరులో నాకు అంతుపట్టనిది స్పష్టంగా అర్థమైంది. ఎదురుచూసేలా చేసేవాడికి ఆ ఎదురుచూపు వల్ల ఒక్క రూపాయి కూడా నష్టం లేనప్పుడు అది ఎప్పటికీ తగ్గదు. మా వైస్ ప్రెసిడెంట్ చెడ్డ మనిషేమీ కాదు. ఆయన ఏడింటికి పది నిమిషాలు తీసుకుని పేజీ చూసినా, పదకొండున్నరకు చూసినా ఆయన ఖాతాలో తేడా రాదు. బ్యాంకు ఖాతాలోనూ రాదు. అనలిస్ట్ జీతం నెలకింత అని ముందే నిర్ణయమై ఉంది. అదనపు గంటకు బ్యాంకుకు అయ్యే ఖర్చు సున్నా, ఒక భోజనం, ఒక క్యాబ్ తప్ప. చాలామంది లాయర్లు గంటకింత అని బిల్లు వేస్తారు, కాబట్టి క్లయింటు ఆ గంటల్ని ప్రశ్నిస్తాడు. బ్యాంకరు ఫీజు డీల్‌లో శాతం. ఎన్ని రాత్రులు పట్టిందో క్లయింటు అడగడు, బ్యాంకు లెక్కేయదు. ఎవరూ లెక్కేయనిది ఎంతైనా ఖర్చుపెడతారు.

రైతుకూ నాకూ పోలికేమిటని ఎవరైనా కోప్పడొచ్చు. ఆ కోపం న్యాయమే. నాకు ఏసీ ఉంది, స్టైపెండ్ ఉంది, నలిగిపోయిన కాయ లేదు. నష్టంలో పోలిక లేదు. నష్టం ఏ దారిన కిందికి జారుతుందన్న ఒక్క విషయంలోనే పోలుస్తున్నాను.

"అంత డబ్బిస్తారు కదా, ఆ మాత్రం ఉండలేరా" అనేది ఎక్కువమంది అనే మాట. డబ్బు ఎక్కువే, ఒప్పుకుంటాను. నా ఎడ్యుకేషన్ లోన్ తీరడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు కనిపించడం లేదు. అయితే ఎక్కువ జీతం ఎక్కువ పనికి ఇవ్వాలి, కష్టమైన పనికి, తప్పు చేస్తే కోట్లు పోయే పనికి ఇవ్వాలి. ఊరికే కూర్చోబెట్టే హక్కును కూడా ఆ జీతంతోనే కొనుక్కున్నామని ఏ ఆఫర్ లెటర్‌లోనూ ఉండదు. డీల్ నిజంగా నడుస్తున్నప్పుడు, రేపు పొద్దున బిడ్ వేయాలన్నప్పుడు తెల్లారేదాకా కూర్చోవడం వేరు. అలాంటి రాత్రి కూడా ఒకటి చూశాను. ఎవరూ గడియారం చూడలేదు, ఎవరికీ చిరాకు లేదు. రుయా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే హౌస్ సర్జన్‌ను ఎందుకు రాత్రంతా ఉన్నావని ఎవరూ అడగరు, రోగి రాత్రే వస్తాడు. లోగోకు అలాంటి అత్యవసరం లేదు.

ఇది మారదు, ఆ రంగమే అంత అని ఇంకొందరు అంటారు. ఆ రంగమే అంత కాదని ఆ బ్యాంకులే ఒప్పుకున్నాయి, దెబ్బ తగిలినప్పుడల్లా. 2013 ఆగస్టులో లండన్‌లో ఒక పెద్ద బ్యాంకులో ఇంటర్న్‌గా ఉన్న 21 ఏళ్ల జర్మన్ విద్యార్థి తన ఫ్లాట్‌లో చనిపోయాడు. మూర్ఛ వల్ల అని విచారణలో తేలింది. అలసట దానికి కారణమై ఉండవచ్చు, కాకపోయి ఉండవచ్చు అన్నారు ఆ మరణంపై విచారణ జరిపిన అధికారి (కరోనర్). ఆ తర్వాత 2015లో గోల్డ్‌మన్ శాక్స్ ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఏడింటిదాకా ఆఫీసులో ఉండకూడదని నియమం పెట్టింది. 2021లో అదే బ్యాంకులో మొదటి ఏడాది అనలిస్టులు 13 మంది తమలో తాము చేసుకున్న సర్వే బయటికొచ్చింది. సగటున వారానికి 95 గంటల పని, రాత్రికి ఐదు గంటల నిద్ర. శనివారాలు పని పెట్టకూడదన్న పాత నియమాన్ని గట్టిగా అమలు చేస్తామని అప్పుడు పైవాళ్లు చెప్పాల్సి వచ్చింది. 2024లో జేపీ మోర్గాన్ జూనియర్ బ్యాంకర్లకు చాలావరకు వారానికి 80 గంటల పరిమితి పెట్టింది, నడుస్తున్న డీల్స్‌కు మినహాయింపుతో. 80 గంటలు పరిమితి అంటే అంతకుముందు ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. నియమం పెట్టినా డీల్స్ ఆగలేదు, క్లయింట్లు పారిపోలేదు. పైవాడికి ఒక హద్దు కనిపిస్తే పదకొండింటి కామెంటు ఏడింటికే రావడం సాధ్యమే.

అసలు నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది బ్యాంకులు కాదు, మనం. మా బ్యాచ్‌లో వేరే రాష్ట్రాల పిల్లలు కొందరు రెండో వారంలోనే గొణగడం మొదలుపెట్టారు. మన తెలుగు పిల్లలం మాత్రం నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో నాకు తెలుసు. తిరుపతిలో ఇంటర్ హాస్టల్‌లో ఉన్నప్పుడు తెల్లవారుజామున ఐదింటికి బెల్లు కొడితే లేచేవాళ్లం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. అందులో ఎంతసేపు చదివామన్నది ఎవరికీ అక్కర్లేదు. పుస్తకం తెరిచి, తల వంచి, కుర్చీలో ఉన్నామా లేదా అని వెనక తిరిగే ఇన్‌చార్జి సార్ చూసేవారు. లెక్క రాకపోయినా తిట్టు తప్పేది, తల ఎత్తితే తప్పేది కాదు. అమ్మానాన్నలు ఆదివారం వచ్చి, "మావాడు పద్నాలుగు గంటలు చదువుతాండాడు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. పదహారేళ్లప్పుడే మాకు కుర్చీలో ఉండటానికీ పని చేయడానికీ తేడా తెలియకుండా పోయింది. అలా తయారైన పిల్లలు ఏ బ్యాంకుకైనా చాలా అనుకూలం. అడగరు.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటల మాట తెచ్చారు. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. ఈ చర్చంతా ఎన్ని గంటలు అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ గంటల్లో ఏం జరుగుతోందని, అందులో ఎంతసేపు ఎవరి నిర్ణయం కోసం కూర్చోబెడుతున్నారని అడిగిన గొంతు నాకు పెద్దగా వినిపించలేదు. మా నాయన ఆ ట్రాక్టర్ దగ్గర గడిపిన సమయాన్ని పని గంటలు అంటారా? అంటే మా నాయన ఎల్ అండ్ టీ లెక్కను కూడా దాటేస్తాడు. దానివల్ల దేశానికి ఒక్క కిలో గుజ్జు కూడా ఎక్కువ రాలేదు.

ఎస్వీయూలో, పద్మావతి యూనివర్సిటీలో చదివే జూనియర్లు కొందరు ఈ ఉద్యోగాలకు ఎలా ప్రిపేర్ కావాలని అడుగుతున్నారు. మొదట చెప్పాల్సిన చేదు నిజం, ఈ బ్యాంకులు ఎక్కువగా కొన్ని క్యాంపస్‌లకే వస్తాయి, తిరుపతికి రావు. మీలో నాకంటే లెక్క బాగా వచ్చినవాళ్లు కచ్చితంగా ఉన్నారు. బయటి నుంచి దరఖాస్తు చేసేవాళ్లు మామూలు అకౌంటింగ్ గట్టిగా నేర్చుకోండి. లాభనష్టాల పట్టీ, బ్యాలెన్స్ షీటు, నగదు ప్రవాహం, ఈ మూడింటిలో ఒకచోట అంకె మారితే మిగతా రెండూ ఎలా మారతాయో చూడకుండా చెప్పగలగాలి. మీ ఊళ్లో ఉన్న వ్యాపారం ఒకటి, పాల కేంద్రమో, గ్రానైట్ క్వారీయో, నగరి మరమగ్గాల షెడ్డో తీసుకుని దాని డబ్బు ఏ నెలలో ఎక్కడ ఇరుక్కుంటుందో కాగితం మీద గీయండి. ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది మామిడి తోట లెక్కే.

తర్వాత, ఆఫర్ వస్తే సంతోషంతో వెంటనే సరే అనకుండా అడగాల్సినవి అడగండి. టీములో కామెంట్లు మామూలుగా ఎన్నింటికి వస్తాయి? రాత్రి రెండింటిదాకా ఉన్నవాళ్లు మర్నాడు ఎన్నింటికి రావాలి? శని, ఆదివారాల నియమం ఉంటే మినహాయింపు ఎవరు ఇస్తారు, పోయిన నెలలో ఎన్నిసార్లు ఇచ్చారు? ఇవి హెచ్ఆర్‌ని అడిగితే పుస్తకంలోని జవాబు వస్తుంది. మీకంటే ఏడాది ముందు చేరిన అనలిస్ట్‌ను ఆఫీసు బయట కలిసి అడగండి. అడిగితే ఆఫర్ పోతుందేమోనని టెన్షన్ పడొద్దు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు ఆఫర్ వెనక్కి తీసుకునే చోటు ఎలాంటిదో చేరకముందే తెలిసిపోవడం మంచిదే.

నాకు కూడా ఆఫర్ వచ్చింది. తీసుకోవాలనే అనుకుంటున్నాను. లోన్ ఒక కారణం, ఆ మధ్యాహ్నం నేర్చుకున్న పని మీద ఇష్టం ఇంకో కారణం. ఇంత విమర్శించి అక్కడికే వెళ్తావా అని మా చిన్నాయన కూతురు అడిగింది. వెళ్లేదాన్ని కాబట్టే విమర్శిస్తున్నాను, వెళ్లని చోటి గురించి నాకెందుకు అన్నాను. నాయన మాత్రం ఒక్కటే అడిగాడు, "జీతం సరే పాపా, నీ టోకెన్ ఎవురి చేతిలో ఉండాది?" అని. ఆ రాత్రే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను. వారాంతపు నియమం ఇంటర్న్‌లకు మాత్రమేనా, పూర్తికాలం అనలిస్టులకూ ఉందా, మినహాయింపు మీద సంతకం ఎవరిది అని. అందరికీ ఉంది, టీమ్ హెడ్ ఆమోదించాలి అని జవాబు వచ్చింది. అయితే సంతకం పెట్టేముందు ఆ టీమ్ హెడ్‌తోనే అరగంట మాట్లాడాలని రాశాను. వచ్చే సోమవారం సాయంత్రం ఆరింటికి సమయం ఇచ్చారు.